స్టాఫ్ చాలని రైల్వే

మిల్టన్ కీన్స్‌లో రామాంజనేయులుగారికి ఏ లోటూ లేదు, ఒక్కటి తప్ప. ఆయన రైల్వేకి స్టాఫ్ చాలరు. ఆ రైల్వే ఆయన గ్యారేజీలో ఉంటుంది. కారేమో బయట వానలో తడుస్తూ ఉంటుంది, లోపల హీటరు వెచ్చదనంలో అరచేతిలో పట్టేంత ఐర్లండు గూడ్సు బళ్ళు తిరుగుతూ ఉంటాయి. టీకి పిలిస్తే వచ్చినవాళ్ళు సోఫాలో సర్దుకోకముందే ఆయన గోడ గడియారం వైపు చూసి, "స్టాఫ్ తక్కువైనారప్పా. ఒక్క బండి పంపిచ్చి పోతారా?" అంటారు. అందుకే ఆయన సంగతి తెలిసినవాళ్ళు ఏదైనా పనుంటే ఫోన్లోనే తేల్చేసుకుంటారు.

జయకృష్ణకి ఆయన సంగతి తెలియదు. 2002 జూన్‌లో అతని కంపెనీకి ప్రాజెక్టు పోయింది, అతనికి ఉద్యోగం, దాంతోపాటు కంపెనీ ఇచ్చిన ఫ్లాటూ పోయాయి. నవంబరు ఆఖరుకల్లా ఇంకో ఉద్యోగం చూసుకోకపోతే వీసా చెల్లదు, తణుకు తిరిగి వెళ్ళిపోవాలి. తణుకులో భార్య హైమ ఇక్కడి చలి కోసం రెండు స్వెటర్లు కూడా అల్లుకుని కూర్చుంది. ఎవరో రామాంజనేయులుగారి పేరు చెప్పారు. "గుంతకల్లు ఆయన. పైన గది ఖాళీగా ఉంది. మనిషి చాలా మంచివాడు, కానీ..." అని, మిగతాది మింగేశారు.

ఆ మింగేసిందేమిటో గదిలో దిగిన మర్నాడు ఉదయం ఏడున్నరకి తలుపు తట్టి మరీ తెలిసింది.

"డ్యూటీకి టైమాయెనప్పా."

"ఏం డ్యూటీ అండీ?"

"స్టాఫ్ తక్కువైనారు. గడ్డం గీసుకోని రా. గడ్డంతో వస్తే డ్యూటీ ఎక్కనియ్యను."

గ్యారేజీలో గోడల వెంబడి మూడు స్టేషన్లు, వాటిని కలుపుతూ ఒకే లైను, నారింజ నలుపు రంగుల డీజిలింజన్లు, సిమెంటు వ్యాగన్లు, చక్కెర ఫ్యాక్టరీకి బీటు దుంపలు మోసే వ్యాగన్లు ఉన్నాయి. ఒక మూల స్విచ్చుల బల్ల. దాని మధ్యలో మాత్రం నలుచదరంగా ఒక కన్నం, అందులోంచి వేలాడుతున్న తీగలు.

"ఇదేంటంకుల్?"

"అదా. అది పాడైపోయిందిలే. నువ్వు టోకెన్ తీసుకో. టోకెన్ లేకుండా లైన్లోకి బండి వదిలితే ఎదురొచ్చే బండిని గుద్దుకుంటాది."

"ఇంగ్లండులో ఉండి ఐర్లండు రైళ్ళేంటండీ?"

"ఇంగ్లీషోళ్ళ పట్టాలు ఇరుకప్పా. ఐర్లండువి మన పట్టాల కంటే మూడంగుళాలే తక్కువ. గుంతకల్లు మనిషికి ఇరుకు పట్టాల మీద ఊపిరాడదు."

అంత వెడల్పు బొమ్మ పట్టాలు ఏ షాపులోనూ అమ్మరు కాబట్టి, ఆయన పట్టాల కింద వేసే ఒక్కొక్క స్లీపరు చెక్కా చేత్తో కోసి, నాలుగేళ్ళపాటు పరుచుకున్నారు. ఆ నాలుగేళ్ళ కథ జయకృష్ణ మొదటి రోజే మొత్తం విన్నాడు. విన్నాడు అనడం కంటే, లేచి వెళ్ళే దారి లేకపోయింది అనడం నిజం.

ఎనిమిదింటికి సిమెంటు బండి. తొమ్మిదీ పావుకి బీటు బండి. పది నుంచి పన్నెండు దాకా లైను మరమ్మతు, ఒక్క బండీ కదలకూడదు. మరమ్మతు చేసేవాళ్ళెవరూ కనిపించరు, కానీ గోడ మీది చార్టులో అలా రాసి ఉంది. ఆ రెండు గంటలూ గ్యారేజీలోంచి బయటికి వెళ్ళడానికి లేదు. అక్కడున్నదల్లా ఒక కంప్యూటరు, ఒక ఫోను. ఏమీ తోచక జయకృష్ణ ఉద్యోగాలకి దరఖాస్తులు పంపుకునేవాడు. పన్నెండింటికి ఖాళీ వ్యాగన్లు తిరిగి వెళ్ళాలి.

"తొమ్మిదీ పదారు. నిమిషం లేటు" అనేవారు ఆయన తలుపు దగ్గర నిలబడి.

"అంకుల్, అందులో ఉన్నవి శొంఠి ముక్కలండీ."

"ఫ్యాక్టరీవాళ్ళకి ఆ మాట చెప్పు. కాచుకోని ఉంటారు."

బీటు దుంపకీ శొంఠి ముక్కకీ తేడా చెప్పడం కష్టమని ఆయన కనిపెట్టిన రోజు నుంచీ భార్య అలివేలుమంగగారికి వంటింట్లో శొంఠి దక్కలేదు. "జలుబు చేస్తే కషాయం పెట్టుకుందామంటే ఉండదప్పా. అంతా రైలెక్కింటాది" అనేవారు ఆవిడ. చెప్పేది విసుగ్గానే చెప్పేవారు, శొంఠి మాత్రం మళ్ళీ రెండు ప్యాకెట్లు తెచ్చేవారు. ఆవిడకి ఈయనంటే అంత భయం ఎందుకో జయకృష్ణకి అర్థమయ్యేది కాదు.

అక్టోబరు వచ్చింది. నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి. గ్లాస్గోవాళ్ళు ఫోన్లో అడిగిన మూడో ప్రశ్నకే అతనికి మాట తడబడింది. అంత దిగులులోనూ ఆయుధపూజ గుర్తొచ్చింది. ఇన్నాళ్ళు అన్నం పెట్టినవాళ్ళకి ఏదైనా చెయ్యాలనిపించింది. వ్యాగన్లు చూస్తే ఒకటే తుప్పు, బురద, మసి. తణుకులో ఆయుధపూజ అంటే సైకిలు దగ్గర్నుంచి లారీదాకా కడగని చక్రం ఉండదు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ బజారుకి వెళ్ళగానే చింతపండు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో ఇరవై రెండు వ్యాగన్లూ తోమేశాడు. తళతళలాడుతున్న వాటిని వరసగా నిలబెట్టి, ఇంజనుకి కుంకుమబొట్టు పెట్టాడు. చక్రం కింద నిమ్మకాయ పట్టలేదు, అందుకని మిరియపు గింజ పెట్టాడు.

రామాంజనేయులుగారు బజారు నుంచి వచ్చి చూశారు. ఒక వ్యాగను చేతిలోకి తీసుకున్నారు.

"ఈ తుప్పు వెయ్యడానికి రెండేండ్లు పట్టిందప్పా."

"తుప్పు... వేస్తారాండీ?"

"ఫోటోలు చూసి, ఏ వ్యాగనుకి ఏ మూల మురికో ఆ మూలే వేస్తా. మురికి పట్టినాదంటే ఆ బండి పని చేసినాదని లెక్క. మెరుస్తాండే బండి షెడ్డులో ఊరికే నిలబడిందని లెక్క."

షెడ్డులో నిలబడ్డ బండి అంటే తనేనని జయకృష్ణకి చురుక్కుమంది. ఒళ్ళు మండింది. కానీ తప్పు తనదే. మర్నాడు చార్టులో 'వ్యాగన్లన్నీ వర్క్‌షాపులో. స్టాఫ్: జయకృష్ణ' అని ఉంది. ఇంజనీరింగు చదివి, ఏడేళ్ళు డేటాబేసులు నడిపి, ఇప్పుడు సన్నటి కుంచెతో మురికి పూసే పనికి కుదిరాడు.

"ఏం చేస్తున్నారండీ?" అంది హైమ ఫోన్లో.

"తుప్పు పూస్తున్నాను."

"ఒంట్లో బాగానే ఉందా?"

నవంబరు రెండో వారంలో కేంబ్రిడ్జ్ నుంచి పిలుపొచ్చింది. ఆ రోజు చార్టులో 'లైన్ బ్లాక్, బళ్ళన్నీ బంద్' అని రాసి, రామాంజనేయులుగారే కారులో దింపారు. దారి పొడుగునా ఇంటర్వ్యూ గురించి ఒక్క మాటా అడగలేదు. సిమెంటు వ్యాగను బ్రేకుల గురించి చెప్పారు.

ఇంటర్వ్యూ చేసినావిడ మొదటి ప్రశ్నే, "ఈ అయిదు నెలలూ ఏం చేశారు?" అని. ఒక అబద్ధం సిద్ధంగానే ఉంది. కానీ ఆవిడ చూపు అతని గోళ్ళలో ఇరుక్కున్న తుప్పురంగు మీద పడింది.

"ఒక గ్యారేజీలో ఐర్లండు గూడ్సు బళ్ళు నడిపానండి" అన్నాడు, ఇక దాచి లాభం లేదని.

"ఒకే లైను మీద రెండు బళ్ళు ఎదురైతే?"

అతను చెప్పడం మొదలుపెట్టాడు. టోకెన్ ఎవరి చేతిలో ఉండాలి, ఎవరు ఆగాలి, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోతే ఏం చెయ్యాలి. డేటాబేసులో చిక్కు కూడా ఇదే కదా అని మధ్యలో తనకే తట్టింది. ఇరవై నిమిషాల్లో ఒక్కసారి కూడా మాట తడబడలేదు. నాలుగు రోజులకి ఉద్యోగం ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది.

వెళ్ళే రోజున పెట్టె పట్టుకుని నిలబడితే, ఇన్నాళ్ళూ తిట్టుకున్న ఆ బళ్ళ మీదే బెంగ పుట్టింది.

"ఇంక బీటు బండి ఎవరు పంపుతారంకుల్?"

"చూద్దాంలేప్పా. నువ్వు పో, బస్సు పోతాది."

బస్‌స్టాపు దాకా వెళ్ళాక సర్టిఫికెట్ల ఫైలు గ్యారేజీలోనే మర్చిపోయానని గుర్తొచ్చింది. పరుగున వెనక్కి వచ్చి, గ్యారేజీ తలుపు తీశాడు. లోపల ఎవరూ లేరు. సిమెంటు బండి నెమ్మదిగా వచ్చి పక్క లైన్లోకి తప్పుకుంది. సిగ్నలు పడింది. బీటు బండి సరిగ్గా తొమ్మిదీ పావుకి కదిలింది. స్విచ్చుల బల్ల మీద కన్నంలో ఇప్పుడొక నల్ల పెట్టె కూర్చుని, పచ్చ దీపం మిణుకుమనిపిస్తోంది.

వంటింట్లో అలివేలుమంగగారు అతని మొహం చూసి స్టవ్ తగ్గించారు.

"చూసినావా? ఆయన రాసిన ప్రోగ్రామే. మూడేండ్లాయె, మనిషి అక్కర్లేదు. ఉద్యోగం పోయినోళ్ళు ఎవురన్నా వస్తే ఆ పెట్టె పీకి బీరువాలో పెడతాడు."

"ఎందుకాంటీ?"

"పొద్దున లేచేదానికి పని లేకుంటే మనిషి గడ్డం గూడా గీసుకోడంట. ఆయప్పకూ ఒగసారి ఉద్యోగం పోయినాది. మూడు నెల్లు మంచం దిగలా."

లేని మరమ్మతూ, గ్యారేజీలో ఫోనూ, గడ్డం రూలూ అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి జయకృష్ణకి. అయిదు నెలలు తనని ఇంత తేలిగ్గా మోసం చేసినందుకు కోపం రావాలి. కళ్ళు చెమ్మగిల్లాయి, నవ్వూ వచ్చింది. హాల్లోకి వెళ్ళి, "అంకుల్" అన్నాడు.

రామాంజనేయులుగారు పేపరు దించలేదు. "స్టాఫ్ తక్కువైనారప్పా, ఏం చేసేది" అన్నారు దాని వెనకనుంచే.

ఫిబ్రవరిలో ఒక రోజు రామాంజనేయులుగారి ఫోనొచ్చింది. "శనివారం ఒగసారి రాగలవా? హర్షవర్ధన్ అని కొత్తగా వచ్చినాడు. ఉద్యోగం పోయింది పాపం. నా మాట వినేటట్ల లేడు."

జయకృష్ణ, అప్పటికి తణుకు నుంచి వచ్చేసిన హైమని కూడా తీసుకుని వెళ్ళాడు. వారం గడ్డంతో, నలిగిన చొక్కాతో ఉన్న ఒకతను గ్యారేజీలో నిలబడి, స్విచ్చుల బల్ల మీద కన్నంలోకి తొంగిచూస్తున్నాడు.

"ఇదంతా ఒక చిన్న ప్రోగ్రాముతో నడపొచ్చు కదండీ. మనుషులెందుకు?"

జయకృష్ణ గోడ గడియారం వైపు చూశాడు.

"అది పాడైపోయిందండి. బీటు బండికి ఇంకా పావుగంటే ఉంది. మీరెళ్ళి గడ్డం గీసుకుని రండి."