ఎడమ వాలు కత్తి

మా నాయన నాకు ఇచ్చిన వాటిలో ఇది నాది అని నేను గట్టిగా అనుకున్నది ఒక్క కత్తే. జానెడు అలుగు, చింతకొయ్య పిడి. లారీ స్ప్రింగు పట్టీని కాల్చి, సాగగొట్టి రాయకోట కమ్మరి చేశాడు. కూరగాయలు తరిగే కత్తులకు మా వైపు చాలామంది ఒక పక్కే సాన పట్టేవాళ్లు. ఒక పక్క అంతా చదునుగా ఉంటుంది, రెండో పక్క మాత్రం అంచు దగ్గర వాలుగా దిగుతుంది. కత్తిని పట్టుకుని ముందుకు చాస్తే ఆ వాలు కుడి పక్కన కనిపిస్తుంది. లోకంలో అందరివీ కుడి చేతులే అని కమ్మరులు ఎప్పుడో తీర్మానించేసుకున్నారు. నా కత్తికి మాత్రం వాలు ఎడమ పక్కన ఉండేది.

నాది ఎడమచేతి వాటం. ఇప్పుడు ఇట్లా ఒక్క ముక్కలో రాసేస్తున్నాను గానీ, ఈ మాట పైకి చెప్పడానికి నాకు సగం జీవితం పట్టింది. చిన్నప్పుడు నా ఎడమ చెయ్యి గరిటె మీద పడిందంటే, మా అమ్మ అదే గరిటె లాక్కుని వేళ్ల కణుపుల మీద వేసేది. "కడుక్కునే చేత్తో వండుతావేమే? రేపు నీ చేతి కూడు యెవురు తింటారు?" అనేది. దెబ్బలకు భయపడి కుడిచేత్తో తినడం, వడ్డించడం, ముగ్గు పెట్టడం అన్నీ నేర్చుకున్నాను. కత్తి ఒక్కటే కుదరలేదు. కుడిచేత్తో పట్టుకుంటే వేళ్లు తెగేవి. ఎడమచేత్తో పట్టుకుంటే వంకాయ ముక్క పైన దళసరిగా మొదలై కింద పల్చగా తేలేది. వాలు అటు ఉంటే అంచు ఇటు తోసుకొస్తుందని మా ఇంట్లో ఎవరికి తెలుసు? నాకే పని చేతకాదన్నారు. నేనూ నిజమే కాబోలనుకున్నాను.

మా నాయన మేకలు కాసిన మనిషి, ఏదైనా నిదానంగా చూస్తాడు. ఒకరోజు నేను తరుగుతుంటే పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత కత్తి తీసుకుని అటూ ఇటూ తిప్పి, లేచి పోయాడు. ఆ వారం సంతకు నన్నూ వెంటబెట్టుకుని కమ్మరి దగ్గరికి తీసుకెళ్లాడు. వాలు ఎడమ పక్కన కావాలన్నాడు.

కమ్మరి కొలిమి ఊదడం ఆపేశాడు. "ఆడబిడ్డకు ఎడమచేతి కత్తా? రేపు పెండ్లి చేసేది లేదా?"

"బిడ్డ చెయ్యి మార్చేదానికి నాతో కాలేదప్పా. కత్తి మార్చేది నీతో అయితాది కదా" అన్నాడు మా నాయన.

సాన పట్టడం కూడా ఆయనే నేర్పించాడు. కావేరిపట్టణం పోయినప్పుడు ఏట్లోంచి నున్నటి రాయి ఒకటి ఏరి తెచ్చాడు. దాన్ని నీళ్లలో తడిపి, కత్తి వాలును రాయికి సరిగ్గా ఆనించి, ఒకే తీరుగా రుద్దాలి. రుద్దుతూ పోతే అంచు అవతలి పక్కకు సన్నగా వంగుతుంది, వేలికి గరగర తగులుతుంది. "ఆడ ఆపేయాలమ్మా. చదును పక్కను రాయి మీద ఊరికే పరుండబెట్టి ఒక్కసారి లాగు. ఆ పక్క రుద్దినావంటే కత్తి పాయె" అనేవాడు. ఆ కత్తితో నేను బీన్సు తరిగితే మా అమ్మ కూడా నోరు మూసుకుని చూసేది. మెచ్చుకోలేదులెండి, అంత అదృష్టం ఎక్కడిది!

పెళ్లిచూపుల నాడు మా అమ్మ నా ఎడమ చేతిని కొంగులో చుట్టి పెట్టుకోమంది. చుట్టుకున్నాను. కాఫీ కుడిచేత్తో ఇచ్చాను, వాళ్లు ఒప్పుకున్నారు. మా ఆయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు చూసేవాడు. కొత్త ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి లేస్తున్న రోజులవి. మాది అద్దె ఇల్లు, ముందర ఒక గది, వెనక చీకటి వంటిల్లు. కాపురం పెట్టించడానికి మా అత్త వచ్చి ఒక నెల ఉంది. మూడో రోజే పట్టేసింది. ఎడమచేత్తో క్యాబేజీ తరుగుతున్నాను, తలెత్తితే గుమ్మంలో నిలబడి ఉంది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ముక్క ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. "పని బాగుంది. కానీ మావాడికి తెలిస్తే ముద్ద దిగదు. వాడికి చిన్నప్పటినుంచీ అసింకం జాస్తి, ఊరికే రోతపడతాడు. వాడి కంట పడనీయొద్దమ్మా" అంది. నేనెంత పిచ్చిదాన్నంటే, ఆ మాటకు ఆవిడ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. నన్ను నా ఇంట్లోనే దొంగను చేసిందని అప్పుడు తోచలేదు.

ఆరేళ్లు దొంగతనంగానే వండాను. సందు మొదట్లో ఆయన సైకిలు బెల్లు వినబడితే కత్తి కింద పెట్టేసేదాన్ని, గరిటె కుడిచేతికి మారేది. సాన పట్టడం ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే, వెనక బట్టలుతికే బండ దగ్గర. ఆ పావుగంట మాత్రం నా చెయ్యి నా చెయ్యిగా ఉండేది. ఎవరికీ భయపడకుండా, సిగ్గుపడకుండా, ఒక తీరుగా రుద్దుకునేదాన్ని. రాయి మీద నల్లటి బురద తేలుతుంటే ప్రాణం తేలికపడేది. నాలుగో ఏట మా నాయన పోయాడు. ఆ తర్వాత ఆ కత్తి మీద నా ప్రాణం ఇంకా పెట్టుకున్నాను. మా ఆయన మాత్రం వంటింటి గడప అవతలే నిలబడి మంచినీళ్లు అడిగే మనిషి. ఒక్కరోజు లోపలికొచ్చి చూసుంటే తెలిసేది. చూడలేదు.

ఆయుధపూజ ముందు రోజు పొద్దున వంటింట్లో కత్తి కనబడలేదు. చూరు, అటక, చెత్తబుట్ట అన్నీ వెతికాను. సాయంత్రం ఆయన వచ్చి, సంచిలోంచి న్యూస్‌పేపరు చుట్ట తీసి నా ముందు విప్పాడు. ముఖం వెలిగిపోతోంది. కత్తీ వెలిగిపోతోంది.

"ఎట్లుంది? మా గ్రైండింగ్ సెక్షన్లో చెప్పి మిషన్లో పట్టించినాను. దీన్ని చేసినోడెవురో గానీ వట్టి చేతకానోడే. వాలు తప్పు పక్కన పెట్టినాడు. సరిచేయించినాను చూడు!"

ఎడమ వాలు పూర్తిగా పోయింది. అలుగు వెడల్పు సగానికి సగం అరిగింది. కుడి పక్కన కొత్త వాలు మెరుస్తోంది, అంచు పొడుగునా నీలం రంగు గీత. వేడికి ఉక్కు మెత్తబడితేనే ఆ రంగు వస్తుందని మా నాయన చెప్పి ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ మనిషి నన్ను సంతోషపెట్టాలనే చేశాడు, ఏమని తిట్టను? "బాగుంది" అన్నాను. ఆయన స్నానానికి పోగానే రాయి తీసుకుని వెనక్కి పరిగెత్తాను. ఎంత రుద్దినా అంచు నిలవలేదు, తగరంలాగ మడుచుకుపోయింది. ఆ బండ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మర్నాడు సెలవు. కత్తికీ సైకిలుకూ పసుపు, కుంకుమ పెట్టాం. మధ్యాహ్నం ఆయన భోంచేస్తూ బీన్సు వేపుడు వేలితో కదిపి, "ముక్కలు ఇట్లున్నాయేమే? కత్తి అంత బాగా చేయిస్తే!" అన్నాడు. అంతే, నా నోరు నా చేతిలో లేకపోయింది.

"చేసినోడు చేతకానోడు కాదు. అది తప్పు పక్క కాదు. అది ఎడమచేతికని చేయించిన కత్తి."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎడమచేతికా? యెవురి ఎడమచేతికి?"

ఆయన అప్పుడు నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. కోపం కాదు. అన్నంలో ఏదో కనబడినప్పటి చూపు. ఆరేళ్లు తిన్న తిండి అంతా గొంతులోకి వస్తున్నట్టు పెట్టాడు ముఖం. నాది అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఇంట్లో ఇంకెవరూ లేరు, కొట్టే మనిషీ కాదు. అప్పుడు గనక చెప్పి ఉంటే, తిన్నా తినకపోయినా, ఆయన ఎవరితో కాపురం చేస్తున్నాడో ఆయనకు తెలిసేది.

"మా నాయనకు" అన్నాను. "మా నాయనది ఎడమచేతి వాటం."

మా నాయన పుట్టి బుద్ధెరిగాక ఎడమచేత్తో ఒక పుల్ల కూడా విరిచి ఎరగడు. పోయిన మనిషి కదా, వచ్చి కాదనడు. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన ఊపిరి వదిలాడు. "అదా! భయపెట్టేస్తివి కదే" అంటూ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. కలుపుతూ కలుపుతూ ఏదో గుర్తొచ్చి పెద్దగా నవ్వాడు. "అయితే పెండ్లిలో నా కాళ్లు యే చేత్తో కడిగినాడో మీ నాయన!"

ఆయనతో పాటు నేనూ నవ్వాను. కొసరు వేపుడు కుడిచేత్తో వడ్డించాను.