గంటలు నిలిచిన పూట

యాభైల చివర్లో నేను చింతామణి వైపు నుంచి గూళూరు దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చాను. వచ్చిన కొత్తలోనే మా అత్త ఇద్దరు దొంగలకు చేను కోరుకిచ్చింది, పంటలో వాటా లెక్కన. దొంగలంటే మాటవరసకు అనడం కాదు. వయసులో ఉండగా బాగేపల్లి చుట్టుపక్కల ఎద్దులను మాయం చేసి జైలుకు పోయివచ్చినవాళ్లు. మా మామ బతికుండగా మా ఇంటి జతను తోలుకుపోయిందీ వాళ్లే. ఒకాయన పొడుగు, ఒకాయన పొట్టి. ఇద్దరికీ తలలు నెరిసిపోయాయి.

"యాడికి పోయినా తరుముతాండారమ్మా. చచ్చేలోగా ఒక పంటన్నా మా చేత్తో పండించుకోవల్ల," అన్నాడు పొడుగాయన వాకిట్లో నిలబడి.

మామ పోయాక ఒంటిచేత్తో సేద్యం నెట్టుకొచ్చిన మనిషి మా అత్త. ఎవరి మాటా వినదు, ఇక నా మాట సరేసరి. ఎద్దుల్నీ మడకనీ తనే ఇచ్చి ఒక్క షరతు పెట్టింది.

"ఎద్దుల మెడలో గంటలుంటాయి. అవి ఊరికి ఇనపడతా ఉండల్ల. నిలిచినాయంటే ఆ పొద్దే మీరు ఊరిడిసి పోవల్ల."

వాన పడింది, దుక్కి మొదలయింది. ఊరు ఊరంతా చెవులు చేను వైపే పెట్టింది. ఎద్దులు మేస్తున్నా గంటలు మోగుతూనే ఉండేవి. నేనూ రాగులు విసురుతూ తిరగలి ఆపి వినేదాన్ని. అత్తకు మతిపోయిందనే నా గట్టి నమ్మకం.

ఒక మధ్యాహ్నం గంటలు నిలిచాయి.

మగవాళ్లు కట్టెలు పట్టుకుని బయలుదేరారు. అత్త ముందు, వాళ్లకని కలిపిన అంబలి ముంతతో నేను వెనక. "నేను చెప్తానే ఉంటి," అని పటేలు దారిపొడుగునా దెప్పుతూనే ఉన్నాడు. అత్త అడుగుల జోరు పెంచింది.

గట్టెక్కి చూస్తే మడక నడుస్తోంది. పొడుగాయన దున్నుతున్నాడు. ఎద్దులు తలలూపుకుంటూ సాగుతున్నాయి, చిన్న సద్దయినా లేదు. పట్టపగలు కళ్లెదుట అంత పెద్ద జత అలా పోతుంటే, అప్పట్లో మా ఇంటి జత ఎలా పోయిందో నాకర్థమయింది. వీళ్లకేదో మంత్రం వచ్చని ఇన్నేళ్లూ ఊరు అనుకుంది. గంటల నోళ్లలో పచ్చగడ్డి కుక్కి ఉంది, అంతే. మరి ఎద్దులో? ఊపిరి కూడా ఆయన్ని అడిగే తీస్తున్నట్టున్నాయి. అంతటి పనితనం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. భయమూ వేసింది, దండం పెట్టాలనీ అనిపించింది.

మమ్మల్ని చూసి ఆయన మడక వదిలేశాడు. కట్టేసుకోమన్నట్టు రెండు చేతులూ ముందుకు చాచాడు. కానుగ చెట్టు నీడలో పొట్టాయన కంబళి కప్పుకుని పడుకుని ఉన్నాడు.

"వానికి జరమమ్మా. రాత్రంతా నిద్రలేదు, ఇప్పుడే కన్నంటుకునింది. గంటల సద్దుకు లేస్తాడని గడ్డి పెడితి. పోతాంలే. వాడు లేసేదాకా ఓర్చుకోండి."

అందరూ అత్త వైపు చూశారు. అత్త దున్నిన చాళ్లను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. నా దగ్గర ముంత తీసుకుని ఆ చాచిన చేతుల్లో పెట్టింది.

"లేసినాంక తాపు. వచ్చే ఏడు గూడా ఈ చేను మీకే," అంది గొంతు తగ్గించి. తర్వాత మా వైపు తిరిగి, "మెల్లగ నడవండప్పా," అంది.

కట్టెలతో వచ్చినవాళ్లంతా చెప్పులు విప్పి చేతబట్టుకున్నారు. నేను కొత్తకోడలిని, చేతుల నిండా గాజులు. అవి గలగలమనకుండా రెండు చేతులూ గుండెకు అదిమిపెట్టుకుని గట్టు దిగాను.