సంధ్యవేళ చదివిన 'ఇఫ్' వాక్యం

మా చిన్నప్పుడు... పొద్దు వాలుతుంటే గడపలో కూర్చుని పాఠం పైకి చదువుకునేదాన్ని. అమ్మ లాంతరు గ్లాసు తుడుస్తుండేది, నానమ్మ చాటలో బియ్యం ఏరుతుండేది. బాపట్ల అవతల సముద్రం ఒడ్డున మా పేట. అక్కడి నుంచి హైస్కూలుకి వెళ్ళే ఆడపిల్లని నేనొక్కదాన్నే... చేపల గంపతో ఊళ్ళోకి వెళ్ళే అమ్మతో పాటే బస్సెక్కేదాన్ని.

అరవైల చివర సంగతి ఇది. నాది తొమ్మిదో తరగతి. మా ఇంగ్లీషు మాస్టారు రోజూ తెనాలి నుంచి పాసింజరులో వచ్చేవారు. ఆ వారం 'ఇఫ్' వాక్యాలు మొదలుపెట్టారు. నిజంగా జరిగే వీలున్న మాటకి ఒక రూపమట, ఉత్త ఊహకి ఇంకో రూపమట... ఊహయితే జరిగిపోయినదానిలా 'డిడ్' అనో 'కేమ్' అనో రాయాలట. నా బుర్రకెక్కితేనా!

"మీ ఇంటి సంగతులే అయిదు వాక్యాలు రాసుకుని పదేసిసార్లు పైకి చదవండి, అదే వస్తుంది" అన్నారు మాస్టారు.

మా ఇంటి సంగతంటే నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళి రావడమే కదా... అదే రాశాను. "ఇఫ్ మై ఫాదర్ డజ్ నాట్ కమ్ బ్యాక్..." అని మొదలుపెట్టి నాలుగైదుసార్లు గట్టిగా చదివేశాను. తర్వాత తప్పని తోచి 'డజ్' కొట్టేసి 'డిడ్' చేసి మళ్ళీ అందుకున్నాను. నాన్న ఆ తెల్లవారుజామునే పడవెక్కాడు.

నానమ్మకి ఇంగ్లీషు రాదు గానీ 'ఫాదర్' అంటే తెలుసు. "మీ నాన్న గురించి ఏంటే ఆ చదువుతున్నావు?" అంది ముచ్చటగా. నేను గొప్పగా తెలుగులో చెప్పాను... నాన్న తిరిగి రాకపోతే మేమంతా ఏడుస్తాం అని.

చాట కింద పెట్టేసి వచ్చి నా నోటి మీద ఒక్కటేసింది.

మగవాళ్ళు సముద్రం మీద ఉండగా మా ఇళ్ళలో 'రాకపోతే' అన్న మాట ఎవరూ అనరు. 'వచ్చాక' అనే అంటారు. వచ్చాక కూర వండుదాం, వచ్చాక అడుగుదాం... అంతే. నాకూ తెలుసు. కాకపోతే ఇంగ్లీషులో అంటే అన్నట్టు కాదనుకున్నాను.

"సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారే, నీ నోరు పడిపోను!"

"ఇంగ్లీషులో కదా నానమ్మా అన్నాను..."

"దేవతలకి రాని భాష ఉంటుందటే?"

అమ్మ లాంతరు వెలిగించి, రోజూలా లోపలికి తీసుకెళ్ళకుండా సముద్రం వైపు గుమ్మానికి తగిలించింది. అది చూశాకే నాకు భయం పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి రావలసిన నాన్న రాలేదు. గాలి తిరిగింది. మిగతా పడవలన్నీ ఒడ్డుకి చేరాయి, నాన్నా ఇంకో ముగ్గురూ ఉన్న పడవ తప్ప. ఒడ్డున అందరూ గాలిని తిట్టుకుంటున్నారు... నాకేమో ఆ గాలిని నేనే పిలిచినట్టుంది.

మూడో రోజు నేను బడికి వెళ్ళనంటే నానమ్మ ఒప్పుకోలేదు. "మానితే ఏదో జరిగినట్టుంటుంది, పో" అని తరిమింది. అమ్మ కూడా ఎండు చేపల గంప ఎత్తుకుని బయలుదేరింది. బస్సులో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఇంటర్వెల్లులో మాస్టారి దగ్గరికి వెళ్ళి నోట్సు చూపించి అంతా చెప్పేశాను. "ముందు 'డజ్' అని చదివానండి... అంటే జరుగుతుందనే కదండి?" అంటూనే ఏడుపొచ్చేసింది.

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కొట్టేసిన దానికి నేనే మార్కులు వెయ్యనమ్మా, దేవుడు వేస్తాడా?" అన్నారు. "దిద్దుకున్నదే లెక్క. 'డిడ్' అన్నావంటే అది జరగదనే నీ నమ్మకం. వెళ్ళి కూర్చో."

ధైర్యం చెప్పారే గానీ ఆయన మొహంలోనూ దిగులు కనపడింది. ఆ రోజు పాఠం ఏం చెప్పారో నాకు తెలియదు... కొట్టేసిన ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను. సిరా కింద నుంచి ఇంకా కనపడుతూనే ఉంది పాడు మాట.

సాయంత్రం బడి వదిలే ముందు వరండాలో ఎవరో నిలబడ్డారు. ఎవరిదో వదులు చొక్కా, కాళ్ళకి చెప్పుల్లేవు... నాన్న!

గాలికి పడవ నిజాంపట్నం వైపు కొట్టుకుపోయిందట. అక్కడివాళ్ళు అన్నం పెట్టి, చొక్కాలిచ్చి రేపల్లెలో రైలెక్కించారట. తెనాలిలో బండి మారి, బాపట్లలో దిగి, స్టేషను పక్కనే బడి కదా అని ముందు నా దగ్గరికే వచ్చాడు. నేను కాళ్ళకి చుట్టుకుపోయి అక్కడే నా పాపమంతా చెప్పేశాను.

"పరీక్షలో అడిగితే వేరేవాళ్ళ నాన్న గురించి రాయమ్మా" అన్నాడు నా తల నిమురుతూ. మళ్ళీ తనే, "వద్దులే... వాళ్ళింట్లోనూ ఎదురుచూసేవాళ్ళు ఉంటారుగా" అన్నాడు.

అందుకే పరీక్షలో నేను పక్షినైతే ఎగురుతాననే రాశాను.

ఇప్పుడు మా పేట కుర్రాళ్ళు సముద్రం మీద నుంచే ఫోన్ చేసి, కూరేంటని అడుగుతున్నారు. మంచిదే... ఆడవాళ్ళకి ఆ గుండెకోత తప్పింది. 'రాకపోతే' అన్నా ఉలిక్కిపడేవాళ్ళు లేరు. మీ ఇళ్ళలో కూడా అనకూడని మాటలు ఉండేవా? ఉంటే చెప్పండి, పగటిపూటే చదువుతాను.

నాన్న ముసలితనం దాకా మా మధ్యే ఉండి, మంచం మీదే కన్నుమూశాడు. ఆ వాక్యాన్ని ఇప్పుడు తప్పు లేకుండా చెప్పగలను... 'నాట్' తీసేసి, "ఇఫ్ మై ఫాదర్ కేమ్ బ్యాక్" అని. 'కేమ్' అన్నామంటే అది జరగదని మాస్టారు ఏనాడో చెప్పారు. అయినా ఒక్కోరోజు సంధ్యవేళ గడపలో కూర్చుని పైకే అంటుంటాను... అటుగా వెళ్ళే తథాస్తు దేవతలు వింటారేమోనని.