పాడవని చేపలు

మొన్న పటమటలో కొత్తగా పెట్టిన దుకాణానికి మా అమ్మాయి తీసుకెళ్ళి, రాయిలా గడ్డకట్టిన చేపముక్కల పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. దానిమీద ఆరు నెలలు నిలవుంటుందని రాసుంది. ఆరు నెలలట. నాలుగో తరగతితో బడి మానేసినా, ముప్ఫయ్యేళ్ళు చేపల వేలంపాటలు నడిపినవాణ్ణి, కన్ను చూసి చేప నీళ్ళు వదిలి ఎన్ని గంటలైందో చెప్పగలవాణ్ణి, నాకా ఈ కబుర్లు అని అక్కడే కేకలేశాను గానీ, ఇంటికొచ్చాక ఆ కోపం కింద ఉన్నది పాత భయమేనని తెలిసింది.

రెండువేల రెండో, మూడో సంవత్సరం. భవానీపురంలో నేనూ అమ్మాయీ ఇద్దరమే. అంతకు ఏడాది ముందు, వాళ్ళమ్మ జ్వరం ముదిరి ఆస్పత్రిలో ఉన్న పొద్దున మా రేవులో కొల్లేరు నుంచి లారీ చేపలు దిగాయి. ఐసు వేసినా ఎండెక్కితే పాడైపోతాయి, పాట ముగించి గంటలో వస్తానని వెళ్ళాను. వచ్చేసరికి మనిషి లేదు. అప్పట్నుంచీ అమ్మాయి నాతో అన్నం పెట్టాననీ, తలుపు వేసుకోమనీ తప్ప మాట్లాడలేదు.

చదువుకని కొన్న కంప్యూటర్లో ఆమె ఒక ఆట ఆడేది. పాతకాలపు రాజులు, రాతికోటలు, కత్తులు. మా అమ్మాయి మాత్రం కత్తి ముట్టకుండా బళ్ళకు సరుకెత్తి ఊరూరా అమ్మే వర్తకురాలైంది. లాభానికి అమ్మినప్పుడల్లా బేరమాడే నేర్పు కాస్త కాస్త పెరిగి మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. ఓ రోజు వెనక నిలబడి, ఉన్ని, గొర్రెలున్న ఊళ్ళో కొనాలి గానీ ఇక్కడెందుకమ్మా అన్నాను. వెనక్కి తిరిగి చూసింది. అప్పట్నుంచి అన్నం దగ్గర మాకు అవే కబుర్లు. నేను నిఘంటువు ముందేసుకుని ఆ ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కున్నాను, తను లేనప్పుడు ఆడుకోమని ఆమే అంది.

ఒక మధ్యాహ్నం తెరిచి చూద్దును కదా, ఆమె బళ్ళనిండా చేపల బుట్టలు. ఎప్పటివో ఏమో, ముందు వీటిని వదిలించుకోవాలనుకున్నాను. ఎదురుగా ఉన్న చిన్న ఊళ్ళో అడిగినవాడికి అడిగిన ధరకు మొత్తం తెగనమ్మి, ఆమె నేర్పినట్టే పాతదాని మీదే సేవ్ కూడా చేసేశాను. అప్పుడు కనబడింది, పక్కన ఆమె రాసుకున్న కాగితం: ముట్టడిలో ఉన్న కోట తలుపులు తెరవగానే చేపలన్నీ అక్కడ అమ్మాలి, దాంతో ఆఖరి మెట్టు. నెల్లాళ్ళుగా కూడబెట్టిన సరుకు. ఆ ఆటలో చేప కుళ్ళదు. కుళ్ళని చేపతో వ్యాపారమేమిటి, దాన్ని చేసినవాడు ఎన్నడైనా రేవు మొహం చూశాడా అని తిట్టుకున్నాను.

ఐదింటికి కాలేజీ బస్సు. మీటలన్నీ నొక్కాను, పోయింది తిరిగి రాలేదు. కరెంటు పోయి అలా అయిందని చెబుదామా అనుకున్నాను. మెట్లమీద ప్రతి చెప్పుల చప్పుడుకీ లేచి నిలబడ్డాను. నా భయం ఆట గురించి కాదండీ, ఆ కాస్త మాటా పోతే ఇంట్లో మళ్ళీ గడియారం చప్పుడొక్కటే మిగులుతుందని.

వచ్చింది, చూసింది, తన కాగితం చేతిలోకి తీసుకుంది.

"చేపలు పాడైపోతాయనా, నాన్నా?"

ఆ బుట్టల గురించి మాత్రమే అడగడం లేదు. అవునమ్మా అన్నాను. ఏడాదిగా గొంతు దాటనిది ఆ ఒక్క మాటలోనే చెప్పాను.

"ఇక్కడ పాడవవు. ఆగొచ్చు," అని, కళ్ళు తుడుచుకుని, పక్కన స్టూలు లాగింది. మొదటి బుట్ట నుంచి మళ్ళీ కొనడం మొదలుపెట్టాం.

నేను అన్ని కేకలేసినా మొన్న అమ్మాయి ఆ పొట్లం తీసి బుట్టలో వేసుకుంది. ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఈ మంచుపెట్టెలే. దేనికీ తొందర లేదు, పొద్దుటి చేప రేపటికీ ఉంటుంది, ఎల్లుండికీ ఉంటుంది. ఇలాంటి పెట్టె ఒక్కటి ఆ పొద్దున మా రేవులో ఉండుంటే, నేను ఆస్పత్రిలో వాళ్ళమ్మ పక్కన ఉండేవాణ్ణి.