కాశ్యప గోత్రం, పేరు తెలియదు

చిన్నప్పటినుంచీ కళ్ళు తెగ నలుపుకునేవాణ్ణి. దురదొచ్చినప్పుడు రెండు పిడికిళ్ళూ పెట్టి రుద్దితే ఉండే సుఖం అంతా ఇంతా కాదు. కళ్ళజోడు నంబరు మాత్రం ఆర్నెల్లకోసారి మారిపోయేది. చివరికి ఓ డాక్టరమ్మ పరీక్ష చేసి, కంటి ముందుపొర పలచబడి శంకువులా పొడుచుకొస్తోందని, దీన్ని కెరటోకోనస్ అంటారని చెప్పింది. ఇకమీదట కళ్ళు నలపొద్దంది. అమ్మ ఆ ఒక్క మాటా పట్టుకుంది. నా చెయ్యి మొహం దగ్గరికి వెళ్తే చాలు, వంటింట్లోంచి కేకేసేది. గోడ అవతలినుంచి ఎలా కనిపించేదో నాకిప్పటికీ తెలీదు.

మాది తెనాలి. నేను బాపట్లలో లెక్కల మాస్టర్ని. గట్టి లెన్సులు పెట్టుకుని కొన్నేళ్ళు నెట్టుకొచ్చాను. ఎడమకన్ను చెప్పిన మాట వింది, కుడికన్ను మొండికేసింది. పొరమీద మచ్చ పడింది, లెన్సు నిలవడం మానేసింది. చంద్రుడు ఒకడి మీద ఒకడెక్కి నలుగురయ్యాడు. ఒకరోజు పొద్దున్నే బాపట్ల బండి అనుకుని రేపల్లె బండెక్కి దర్జాగా కూర్చున్నాను. రేపల్లెలో దిగి ఫోన్ చేస్తే మా హెడ్మాస్టారు పడీపడీ నవ్వి, అక్కడి పిల్లలకే పాఠం చెప్పి రమ్మన్నారు. నేనూ నవ్వాను. కానీ ఆ వారమే ఓ పిల్ల నోటుపుస్తకంలో మైనస్ గుర్తు కనపడక తప్పు లెక్కకి రైటు కొట్టాను. ఆ పిల్లే వచ్చి మెల్లిగా చెప్పింది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఇలాగే ఉంటే ఇంక బడి మానుకోవాల్సిందేనని భయం పట్టుకుంది.

ఆ ముందుపొరే, కార్నియా, మార్చాలన్నారు. చనిపోయినవాళ్ళ కళ్ళు ఇంటివాళ్ళు దానమిస్తేనే అది దొరుకుతుంది. పేరు రాయించుకుని ఫోన్ కోసం ఎదురుచూడాలి. అమ్మ వెంటనే రంగంలోకి దిగింది. ఫోన్ తొందరగా వస్తే వడమాల వేయిస్తానని ఆంజనేయస్వామికి మొక్కింది. మర్నాడు కాఫీ గ్లాసు పట్టుకొచ్చి నా పక్కన కూలబడింది. మొహంలో కళ లేదు.

"ఒరేయ్, తొందరగా రావాలని మొక్కితే, ఎవరో తొందరగా పోవాలని మొక్కినట్టేగా?"

లెక్కల మాస్టర్ని, నాకు తట్టలేదు ఆ లెక్క. అమ్మ మళ్ళీ స్నానం చేసి, గుడికెళ్ళి, మొక్కు మార్చుకుని వచ్చింది. ఎవరి ఆయుష్షు వాళ్ళకి పూర్తిగా ఇయ్యి స్వామీ, ఎలాగూ పోయేవాళ్ళుంటే ఇంట్లోవాళ్ళకి మాత్రం మంచి బుద్ధి పుట్టించు అని చెప్పొచ్చిందట. వడమాల మాత్రం తగ్గించలేదు.

కొన్ని నెలలకి, ఓ మధ్యాహ్నం అన్నాలకి కూర్చోబోతుండగా ఫోనొచ్చింది. నేను ఎగిరి గంతేశాను. అమ్మ స్టవ్ కట్టేసి, తిన్నగా వెళ్ళి తలమీంచి నీళ్ళు పోసుకుని వచ్చింది. ఇదేంటమ్మా అంటే, మనకీ మైలే కదరా అంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆపరేషనయ్యాక చూపు ఒక్కసారిగా రాలేదు. చుక్కల మందులు వేసుకుంటూ ఉండగా నెలనెలా కాస్త కాస్త తేటపడింది. అబ్బ, ఆ రోజులు! అమ్మ ముక్కుపుడకలో రాయి ఎర్రదని అప్పుడే తెలిసింది. అంగలకుదురు వెళ్ళే దారిలో కొట్ల బోర్డులు, పెళ్ళి ఫ్లెక్సీలు, ఆటోల వెనక రాతలు ఒక్కటీ వదలకుండా పైకి చదివేవాణ్ణి. పక్కనున్నవాళ్ళు విసుక్కునేవారు. రైలు కిటికీలోంచి చూస్తే పచ్చరంగు కాదు, వరి కనపడింది.

మహాలయ అమావాస్యకి మా నాన్నకి తర్పణం వదలడానికి ఏటా రేపల్లె దగ్గర కృష్ణ ఒడ్డుకి వెళ్తాం. ఆపరేషన్ తర్వాత వచ్చిన అమావాస్యకీ వెళ్ళాం. తల ముంచావంటే ఊరుకోనని అమ్మ గట్టుమీద కాపలా కూర్చుంది. నాన్నకి, తాతలకి అయ్యాక, ఇంకెవరైనా ఉన్నారా అని పంతులుగారు అడిగారు. నా కుడికన్ను ఇచ్చిన మనిషి ఉన్నారన్నాను. పేరు, గోత్రం అడిగారు. ఆసుపత్రివాళ్ళు ఏమీ చెప్పరండి అన్నాను. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు, కానీ ఆడా మగా తెలియాలి అన్నారాయన. అదీ చెప్పరండి అన్నాను.

అమ్మ గట్టుమీంచే అంది, "ఆడమనిషనే చెప్పండి పంతులుగారూ."

సరే, ఒక్కసారి వదిలితే చాలన్నారాయన. తల్లికైతేనే మూడుసార్లు.

"మూడు వదలమనండి."

పంతులుగారు ఇబ్బందిగా చూశారు. "నిక్షేపంలా మీరు ఎదురుగా ఉండగా, తల్లికి వదిలినట్టు ఎలా వదిలిస్తానమ్మా?"

"నేను పోయాక నావి నాకు వదులుతాడు లెండి. వాడికి చూపిచ్చిన మనిషి తల్లి కాకపోతే ఏమవుతుందండి?"

పంతులుగారు నువ్వులు నా అరచేతిలో పోసి, నీళ్ళు పోశారు. కాశ్యప గోత్రం, పేరు తెలియని మా అమ్మకి మూడుసార్లు వదిలాను. బొటనవేలి పక్కనుంచి జారి కృష్ణలోకి వెళ్ళిపోయే ఒక్కో నువ్వుగింజా నాకు కనపడింది.