శనివారం డాబా ఎవరిది

మా బడికి మైదానం లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వైపు వచ్చే రోడ్డు మీద ఒక మెట్రో పిల్లరు దగ్గర సందులోకి తిరిగితే, కింద జిరాక్స్ షాపు, పైన మూడంతస్తుల్లో మేము. ఆ మూడంతస్తుల మీద డాబా, చుట్టూ మనిషెత్తు ఇనుప జాలీ, ఒక మూల నీళ్ల ట్యాంకు. పిల్లలు దాన్ని టెర్రస్ అంటారు. క్రికెట్టయినా కబడ్డీ అయినా ఆగస్టు పదిహేను డాన్సు ప్రాక్టీసయినా అక్కడే. శనివారం ఆఖరి రెండు పీరియడ్లు ఆటలని టైంటేబుల్లో రాసి ఉంటుంది. డాబా తాళంచెవి, బంతి, బ్యాటు స్కూల్ లీడర్ దగ్గర ఉంటాయి. స్కూల్ లీడరేమో ఎప్పుడూ పదో తరగతి అబ్బాయే. ఇక శనివారం డాబా ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. ఆడపిల్లలకు ఆటల పీరియడ్ అంటే క్లాసులో కూర్చుని సైన్సు రికార్డులో బొమ్మలు వేసుకునే పీరియడ్.

ఇదంతా నేను పదకొండేళ్లు చూశాను. చూసి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రెండు పీరియడ్లలో నేను పేపర్లు దిద్దుకునేదాన్ని. ఆడపిల్లలు చప్పుడు చేయకుండా బొమ్మలు వేసుకుంటుంటే నాకూ హాయిగానే ఉండేది.

నా పట్టుదలంతా ఎన్నికల మీద. నేను సోషల్ టీచర్‌ని. ఏటా తొమ్మిదో తరగతికి ప్రజాస్వామ్యం పాఠం గొంతు చించుకుని చెబుతాను. పాఠం ముగించి బయటికొస్తే, మా బడి లీడర్‌ని ప్రిన్సిపాల్ గారు ర్యాంకులు చూసి తానే ఎంపిక చేసి, భుజానికి పట్టీ వేసి ఫోటో తీయిస్తూ ఉంటారు. ఆయనది గోదావరి జిల్లా. ఇక్కడికొచ్చి ఇరవయ్యేళ్లయినా ఆ యాస వదల్లేదు, నవ్వుతూ పని తప్పించుకునే అలవాటూ వదల్లేదు.

"ఎన్నికలెందుకండీ టీచర్ గారూ? బయట జరుగుతున్నవి చాలట్లేదా?" అనేవారు ప్రతి జూన్‌లోనూ.

రెండేళ్ల కిందటి జూన్‌లో ఏ కళనున్నారో, సరేనన్నారు. "కానివ్వండి. లీడర్ ఎన్నికా, పిల్లల మంత్రివర్గం వ్యవహారమూ అన్నీ మీకే అప్పగిస్తున్నాను. ఒక్క గొడవ జరిగిందా, మళ్లీ పాత పద్ధతే." నేను ఆ సాయంత్రం హయత్‌నగర్ బస్సులో సీటు దొరక్కపోయినా నవ్వుకుంటూనే ఇంటికి వెళ్లాను.

లీడర్ పదవికి ఇద్దరు పేర్లిచ్చారు. ఒకడు పదో తరగతి అబ్బాయి. ఇప్పుడు అల్మాస్‌గూడలో ఇల్లు కట్టుకున్నారు గానీ వాళ్లది హయత్‌నగర్ అవతల పల్లె. తాత అక్కడ సర్పంచిగా చేసినవాడు. ఊళ్లో ఎన్నికలంటే ఇంటిల్లిపాదీ బట్టలు సర్దుకుని వెళ్లిపోతారు, వీడు బడికి డుమ్మా. రెండో అభ్యర్థి తొమ్మిదో తరగతి అమ్మాయి. పోచంపల్లి నేతవాళ్ల పిల్ల. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల నాన్నకు చీరల దుకాణం ఉంది. బడి వదిలాక ఆ పిల్ల అక్కడే పరుపు మీద కూర్చుని, ఆడవాళ్లు విప్పించి వదిలేసిన చీరలు మడతపెడుతూ హోంవర్కు చేసుకునేది.

"నువ్వెందుకు నిలబడుతున్నవ్?" అని అడిగాను పేరు రాసుకుంటూ.

"టెర్రస్ కోసం టీచర్. శనివారం మాకు గూడ ఆడుకోనీకి కావాలె."

"ఇంకా?"

"ఇంకేం లేదు టీచర్. గదొక్కటే."

నాకు కొంచెం నిరాశ కలిగింది. తాగునీళ్లు, లైబ్రరీ, పరిశుభ్రత అని ఏమైనా చెబుతుందనుకున్నాను. నా పాఠంలో డాబా ఎక్కడా లేదు మరి.

పేర్లు వెనక్కి తీసుకునే రోజు మధ్యాహ్నం. స్టాఫ్ రూంలో టిఫిన్ డబ్బా మూత తీశానో లేదో, గుమ్మంలో కేకలు. పదో తరగతి అబ్బాయి మెడలో బంతిపూల దండతో లోపలికొచ్చాడు. వాడి వెనక వాడి బెంచీ దోస్తులిద్దరు. వాళ్ల వెనక ఆ అమ్మాయి.

"టీచర్, ఖుష్‌ఖబర్! ఏకగ్రీవం చేసినం!"

చేతిలో లాంగ్ నోట్‌బుక్కు కాగితం పెట్టాడు. "శనివారం ఆటల పీరియడ్లు రెండింటిలో ఒకటి ఆడపిల్లలకు ఇవ్వబడును. అందుకు గాను నేను పోటీ నుండి తప్పుకొనుచున్నాను" అని ఆ పిల్ల గుండ్రటి అక్షరాల్లో ఉంది. కింద ఇద్దరి సంతకాలు. ఇంకా కింద సాక్షులు, ఆ బెంచీ దోస్తులిద్దరే. పిల్లికి ఎలుక సాక్ష్యం. ఊళ్లో పెద్దమనుషులు చావడిలో కూర్చుని ఒకరిని నిలబెట్టి, తప్పుకున్నవాళ్లకు బోరో సీసీ రోడ్డో ఒప్పుకుంటారే, అచ్చం ఆ పద్ధతే మా రెండో అంతస్తు మెట్ల మీద నడిపించారు.

"మరి మాకేమిస్తరు టీచర్?" అన్నాడు వాడు.

"ఏమిచ్చుడేందిరా?"

"ఊర్ల ఏకగ్రీవమైతే సర్కారు నజరానా ఇస్తది కద. మాకొక పిక్నిక్ ఇయ్యుండ్రి."

నా కోపం మా బడిలో అందరికీ తెలిసిందే. పాలపొంగు లాంటిది, ఇట్టే వచ్చి ఇట్టే పోతుంది. ఆ రోజు మాత్రం పోలేదు. ప్రిన్సిపాల్ గారు వచ్చి కాగితం చదివి, "శుభం! చీటీల ఖర్చూ లేదు, గొడవా లేదు. పిల్లలు మనకంటే తెలివైనవాళ్లండీ" అనేసరికి ఇంకాస్త మండింది. అబ్బాయిల్ని పంపేసి, అమ్మాయిని ఒక్కదాన్నే ఉంచాను.

"బెదిరించిన్రా నిన్ను?"

"లే టీచర్. నేనే పోయి అడిగిన."

"నువ్వే అడిగినవా?"

"ఔ టీచర్. నాకు టెర్రస్ కావాలె. గా అన్నకు బ్యాడ్జి కావాలె. ఎవరికి కావాల్సింది వాళ్లకు దొరికింది. ముందుగాల రెండు పీరియడ్లు అడిగిన, ఒకటి కాడ తెంపిన."

బేరం ఎక్కడ తెంపాలో దుకాణంలో పెరిగిన పిల్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేను ఆ తెలివిని మెచ్చుకోవాల్సింది. మెచ్చుకోకుండా, ఓటు విలువ గురించి, పదవులు పంచుకోవడం గురించి పావుగంట పాఠం చెప్పాను. మిగతా మూడు వందల మంది పిల్లల్ని అడక్కుండా మీరిద్దరే ఎట్లా తేల్చుకుంటారన్నాను. ఆ మాట తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆ పిల్ల ముఖం చూసి మాట్లాడలేదు, నా పాఠం చూసుకుని మాట్లాడాను. సాయంత్రం బెల్లు కొట్టకముందే, ఏకగ్రీవం చెల్లదు, వచ్చే శుక్రవారం ఓటింగ్ అని నోటీసు బోర్డు మీద పెట్టించాను.

పదో తరగతి అబ్బాయి నోటీసు చదివి నా దగ్గరికొచ్చాడు. పరేషాన్ అవుతాడనుకుంటే నిమ్మళంగా ఉన్నాడు.

"ఎలక్షన్ పెట్టుండ్రి టీచర్, ఏం ఫికర్ లేదు. గట్లయితే గీ కాయితం చెల్లది మరి." నా బల్ల మీదున్న ఆ కాగితం తీసి, నా ముందే నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. వాడి న్యాయంలో నాకు తప్పు దొరకలేదు. తప్పుకుంటే ఇస్తానన్నాడు, తప్పుకోనియ్యంది నేను.

అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడి అంతా చూసింది.

"టీచర్, బడిల మొగపిల్లలెంతమంది, మేమెంతమందిమి? మీరు లెక్క జూసిన్రా?"

చూడలేదు. మా చుట్టుపక్కల ఇళ్లలో కొడుకును ఫీజు కట్టి చదివిస్తారు, కూతురికి సర్కారు బడి చాలనుకుంటారు. ఏ క్లాసులోకి తొంగి చూసినా అబ్బాయిల బెంచీలే ఎక్కువ. ఆ పిల్ల ఈ లెక్క ఎప్పుడో చూసుకుంది. గెలవలేనని తెలిసే, గెలవకుండా దొరికేది తెచ్చుకుంది.

"చేతికొచ్చిన పీరియడ్ పాయె టీచర్" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆ వారం నాకు అన్నం సహించలేదు. నోటికాడి ముద్ద లాగేసి, పైగా ముద్ద ఎట్లా తినాలో నీతులు చెప్పినదాన్నయ్యాను. ఎల్బీ నగర్ స్టాపులో బస్సు కోసం నిలబడి ఒక ఉపాయం ఆలోచించాను. మర్నాడు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, శనివారం ఒక పీరియడ్ ఆడపిల్లలకని మీరే ఆర్డరు వేయండి అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నవ్వారు. "భలేవారండీ! పదకొండేళ్లు మీరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇప్పుడు ఎన్నిక పెట్టించిందే మీరు. నేను ఆర్డరు వేసేస్తే ఇక ఆ లీడరెందుకండీ?"

నా మాటే నాకు అప్పజెప్పారు. సిగ్గేసింది. బయటికొచ్చేశాను. ఎన్నిక నడిపేదాన్ని కనుక ఆ పిల్లకు ఓటెయ్యమని ఒక్కరితో అనడానికి కూడా లేదు.

ప్రచారం మొదలైంది. అబ్బాయి పక్షం టిఫిన్ డబ్బాల మీద తీన్మార్ వాయిస్తూ వరండాలన్నీ తిరిగింది. చాక్లెట్లు పంచుతుంటే మూడుసార్లు పట్టుకుని జప్తు చేశాను. జప్తు చేసిన సరుకు స్టాఫ్ రూంలో టీ తోపాటు మాయమైంది, తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అమ్మాయి నాతో మాట్లాడ్డం మానేసింది. గుడ్ మార్నింగ్ కూడా గోడకు చెప్పేది. డప్పు లేదు, నినాదాలు లేవు, ఇంటర్వెల్ కాగానే ఆరో తరగతిలోకో ఏడో తరగతిలోకో వెళ్లి బెంచీ చివర కూర్చునేది. ఓట్లడక్కుండా ఈ పిల్ల ఏం చేస్తోందని ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి విన్నాను.

"మీకేం కావాలె?" అని అడుగుతోంది, అంతే.

ఒక బుడ్డోడు లేచాడు. "అక్కా, మాకు ఒక్కసారి బ్యాటింగ్ కావాలె."

దాంతో క్లాసంతా ఒక్కసారే మొదలెట్టింది. బంతి జాలీ దాటి సందులో పడితే మూడంతస్తులు దిగి తెచ్చేది వీళ్లట. అంత చేసినా వీళ్లకు బ్యాటు ఎన్నడూ ఇవ్వరట. చిన్నపిల్లలు, మెట్లెక్కి దిగి సరదాపడుతున్నారని ఇన్నాళ్లూ అనుకున్నాను. శనివారం డాబా లేనిది ఆడపిల్లలకే కాదని ఆ కిటికీ దగ్గర నాకు తెలిసింది. ఆ పిల్లకూ అప్పుడే తెలిసినట్టుంది, నోటు పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది.

తర్వాత దాని స్నేహితురాలు ఎవరో అంటుంటే విన్నాను. దుకాణంలో వాళ్ల నాన్న చెప్పే మాటట: "ముందుగాల చీర చూపియ్యొద్దు. ఏం కావాలెనో అడగాలె."

శుక్రవారం ఓటింగ్. చీటీలు, తరగతికో అట్టపెట్టె, వేలి మీద మార్కర్ చుక్క. కొందరు ఆ చుక్కను మూడు రోజులు కడుక్కోకుండా కాపాడుకున్నారు. లెక్కింపు నా క్లాసులోనే. నల్లబల్ల మీద ఇద్దరి పేర్ల కింద గీతలు గీస్తుంటే నా చేతిలో చాక్‌పీసు రెండుసార్లు విరిగింది. పదో తరగతి, తొమ్మిదో తరగతి చీటీలు అయ్యేసరికి ఆ పిల్ల బాగా వెనకబడింది. తల వంచుకుని చున్నీ కొస మెలిపెడుతోంది. ఇది ఓడితే ఈ పాపం నాదే అని మనసులో వంద దండాలు పెట్టుకున్నాను. ఎనిమిదో తరగతితో కాస్త తేరుకుంది. ఏడో తరగతి చీటీలతో గీతలు దగ్గరికొచ్చాయి. ఆరో తరగతి పెట్టె విప్పాక తొమ్మిది ఓట్లతో గెలిచింది.

చిన్నపిల్లల అరుపులకు కింద జిరాక్స్ షాపతను పైకి పరిగెత్తుకొచ్చాడు. పదో తరగతి అబ్బాయి నల్లబల్ల మీద గీతలు తనే మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, పాత లీడర్ బడి వదిలి వెళ్తూ తనకిచ్చిన డాబా తాళంచెవి జేబులోంచి తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు.

"మా తాత మూడుసార్లు గెలిచిండు, ఒక్కసారి ఓడిండు. ఓడిన్నాడే కడుపునిండ తిని పండుకున్నడట" అని నవ్వి, "ఇంటికి పోతున్న, ఆకలైతుంది" అన్నాడు. వాణ్ణి అప్పుడు ముద్దు పెట్టుకోవాలనిపించింది. పదో తరగతివాడు కదా, ఊరుకున్నాను.

లీడర్ అయిన మర్నాడే శనివారం. మొదటి పీరియడ్ ఆడపిల్లలకు, రెండోది వారానికో తరగతి చొప్పున అబ్బాయిలకు అని ఆ పిల్ల కాగితం అంటించింది. మొదటి వంతు ఆరో తరగతిది. నేను దిద్దాల్సిన పేపర్లు బల్ల మీద వదిలేసి డాబా ఎక్కాను. ఆడపిల్లలు చున్నీలు నడుముకు బిగించి ఉన్నారు, నేల మీద సుద్దతో ఖోఖో గీతలు. కొందరికి ఆట తెలీదు, ఊరికే ఒక చివర నుంచి ఇంకో చివరకు పరిగెత్తి జాలీని ముట్టుకుని నవ్వుతున్నారు. నాకు కడుపు నిండిపోయింది.

లీడర్ నా పక్కనుంచి పోతుంటే ఆపాను.

"చూసినవా, ఎలక్షన్‌తోని మంచే అయింది గద" అన్నాను, నా పాఠం గెలిచిందన్న సంబరంలో.

"మంచిగనే అయింది టీచర్." రొప్పుతూ ఆగింది. "నేను ఓడిపోతే ఏం చేసేటోళ్లు?"

ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. ఆ పిల్ల కళ్లలోకి చూశాక అబద్ధం రాలేదు.

"తెల్వది బిడ్డా."

వారం రోజుల తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసి నవ్వింది. "నాకు గూడ తెల్వకుండె టీచర్. గందుకే మస్తు భయమైంది." ఇంతలో అవతల నుంచి ఎవరో దాని పేరు పెట్టి కేకేశారు. అటు తిరిగి రెండడుగులు వేసి మళ్లీ ఆగింది.

"టీచర్, జర పక్కకు జరుగుండ్రి. గీత మీద నిలబడ్డరు."

నేను జరిగాను.