నేను రాయని రాజీనామా

ఉద్యోగం పోగొట్టుకోవడానికి మనుషులు ఎన్నో తంటాలు పడతారు. పై అధికారితో కొట్లాడతారు, చెప్పకుండా మాయమవుతారు. నేను మాత్రం కామారెడ్డిలో మా ఇంట్లో కూర్చుని, చాయ్ తాగుతూ, నాలుగు వాక్యాలతో పోగొట్టుకున్నాను. అదెట్లాగో చెబుతాను. మీకు ఎక్కడ ఏడుపొస్తే అక్కడ ఏడవండి. నేను అక్కడ ఇప్పటికే ఏడ్చి ఉంటాను.

అది 2013 ఎండాకాలం. అప్పటికి ఆరేళ్ళుగా ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతున్నాను. రోజూ కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా బస్సులో పోయి రావడం. డిగ్రీ రోజుల్లో స్నేహితులు దగ్గరుండి తెరిపించిన మెయిల్ ఒకటి ఉండేది. దాని పేరు ప్రేమపావురం, పక్కన ఒక అంకె. ప్రిన్సిపాల్ విఠల్ సారు స్టాఫ్ రూములో అందరి ముందూ నా మెయిల్ చెప్పమన్నప్పుడల్లా దగ్గు వచ్చినట్టు నటించి, కాగితం మీద రాసిచ్చేవాణ్ని.

ఆ వేసవిలో మర్యాదస్తుణ్ని కావాలని నిశ్చయించుకున్నాను. హైదరాబాదులో ఒక హోస్టింగ్ కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తే, ఉచిత మెయిల్ అద్దె కొంప లాంటిదనీ, సొంత పేరు మీద డొమైన్ తీసుకుంటే సొంతిల్లు కట్టుకున్నట్టేననీ చెప్పారు. డబ్బు కట్టి నా పేరు మీద ఒకటి తీసుకున్నాను. నా మెడ రెండంగుళాలు పొడుగైంది. సొంతింటి మెయిల్ అరచేతిలోకి రావాలి కదా, అందుకని ఒక స్మార్ట్‌ఫోన్ కూడా కొన్నాను.

కొత్త ఫోన్లో పాత సిమ్ పట్టలేదు, అంచులు కోసి చిన్నది చెయ్యాలట. స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్ షాపు మల్లేశ్, దినాం యాభై సిమ్‌లు కోస్తానని ధైర్యం చెప్పి కత్తెర తీశాడు. నాది ఆ రోజుకు యాభై ఒకటోది అయి ఉంటుంది. బంగారు రంగు ముక్క కూడా తెగి, సిమ్ అక్కడే ప్రాణం విడిచింది. అదే నంబరు మళ్ళీ ఇవ్వమని సిమ్ కంపెనీ వాళ్ళను అడిగితే, సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఆయనే రావాలన్నారు. అది మా బామ్మర్ది పేరు మీద ఉంది. ఆయన దుబాయిలో ఉన్నాడు. చేసేది లేక కొత్త నంబరు తీసుకుని, నా భార్య సుజాతకూ రామారెడ్డిలో ఉన్న మా అమ్మకూ చెప్పాను. మిగతా లోకానికి మెయిల్ ద్వారా తెలుస్తుందిలే అనుకున్నాను.

ఇక అసలు ఘనకార్యం. పాత మెయిల్‌కు ఎవరు రాసినా యంత్రమే జవాబు పంపే ఏర్పాటు ఒకటుందని తెలిసింది. ఇంకొకడైతే "మెయిల్ మారింది" అని రాసి ఊరుకుంటాడు. నేను తెలుగు లెక్చరర్‌ని. ఒక పూటంతా ఆలోచించి ఇలా రాశాను: "ఇక నేనిక్కడ లేను. ఈ పాత గూటిని శాశ్వతంగా విడిచి కొత్త చోటికి వెళ్ళిపోయాను. తిరిగి రాను. ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలు." కింద కొత్త మెయిల్ అడ్రసు ఇచ్చాను. అందులో నా పేరులోనే ఒక అక్షరం ఎగరగొట్టానని చాలా రోజులకు గానీ తెలియలేదు.

సుజాతకు చదివి వినిపించాను.

"గిది సదివితే మనిషి సచ్చిపోయిండనుకుంటరు," అంది.

శైలి అంటే ఏమిటో ఆమెకు అరగంట వివరించాను.

ఆ తర్వాత నెల రోజులు నాకు ఒక్క ఫోన్ రాలేదు, ఒక్క మెయిల్ రాలేదు. పాత మెయిల్ మళ్ళీ తెరవకుండా, రోజూ పొద్దున్నే కొత్త మెయిల్ ఖాళీ డబ్బాను సుజాతకు చూపించి, సొంతింట్లో చెత్త ఉండదని మురిసిపోయాను.

జూన్‌లో కాలేజీ తెరిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి బస్సులో వెళ్ళాను. స్టాఫ్ రూములో నా కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. మద్నూర్ నుంచి కొత్తగా వచ్చిన తెలుగు లెక్చరర్‌నని చెప్పి, నాకు ఎవరు కావాలని అడిగింది. నేను ప్రిన్సిపాల్ గదికి పరిగెత్తాను. విఠల్ సారు లేచి నిలబడ్డారు, చాయ్ చెప్పారు. ఆరేళ్ళలో ఎన్నడూ నాకు చాయ్ చెప్పని మనిషి.

"ఎట్లున్నరు సాయిలు సార్? కొత్త కాలేజీ మంచిగున్నదా?"

"ఏ కొత్త కాలేజీ సార్?"

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశారు. నా నాలుగు వాక్యాలు. వచ్చే ఏడాది ఎవరెవరు వస్తున్నారో వారంలో తెలపమని మే నెలలో అందరికీ మెయిల్ పెట్టారట. అందరికంటే ముందు నా జవాబే వచ్చిందట.

"నిమిషం గాలేదు, జవాబొచ్చింది. మనిషికి గింత తొందరున్నదా అని బాధనిపించింది. ఫోన్ చేస్తే కలుస్తలేదు. కొత్త మెయిల్‌కు రాస్తే వాపస్ వచ్చింది. మల్ల పాతదానికే రాసిన, గదే జవాబు. మూడోసారి గూడ గదే. తిరిగి రాను, తిరిగి రాను అంటుంటే ఇగ ఎన్నిసార్లు బతిమాలాలె సార్?"

"అది నేను పంపలేదు సార్, మిషన్ పంపింది."

"మిషన్ గింత మంచి తెలుగు రాస్తదా?"

వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాను. ఆరేళ్ళ సర్వీసు, ఇల్లు గడిచే దారి, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఇంటికెళ్ళి సుజాతకు ఏ శైలిలో చెప్పాలో తోచలేదు. అంతలో పక్క క్లాసులోంచి కొత్త లెక్చరర్ గొంతు వినిపించింది. లేఖా రచన పాఠం చెబుతోంది. తొంగి చూస్తే, విఠల్ సారు చూపించినట్టుంది, నల్లబల్ల మీద నా నాలుగు వాక్యాలూ ఉన్నాయి.

"రాజీనామా అంటే గిట్ల ఉండాలె. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు," అని పిల్లలతో అంటోంది.

నిజం చెప్పొద్దూ, అంత దుఃఖంలోనూ కొంచెం గర్వం కలిగింది. ఆరేళ్ళలో నా తెలుగును ఆ కాలేజీలో మెచ్చుకోవడం అదే మొదటిసారి.

మళ్ళీ విఠల్ సారు గదిలోకి వెళ్ళి, ఏ పనైనా సరే ఇప్పించమని బతిమాలాను. ఆయన తెలుగు పోస్టు నిండిపోయిందనీ, ఖాళీగా ఉన్నది ఒక్కటేననీ చెప్పారు.

"కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే సారు పోయిండు. మీకు సొంత మెయిలున్నది, చేతిల స్మార్ట్‌ఫోన్ ఉన్నది. మీకంటె తెలిసినోళ్ళు మా దగ్గర ఎవరున్నరు?"

ఆ ఏడాదంతా ల్యాబ్‌లో కూర్చుని పిల్లలకు మెయిళ్ళు తెరిచి పెట్టాను. మొదటి రోజే అక్కడున్న కంప్యూటర్లన్నిటి సాక్షిగా, కరెంటు ఉన్న సమయం చూసి మరీ, ఒట్టు పెట్టుకున్నాను: బతికున్నంతకాలం మెయిల్ మార్చను, సిమ్ కోయించను, నా బదులు జవాబిచ్చే ఏ యంత్రానికీ మంచి తెలుగు నేర్పను.